ఫాదర్ గారైనా సరే, రిజిస్టర్‌లో సంతకం పెట్టాల్సిందే: ఇంగ్లండ్ కతోలిక ప్రైమరీ స్కూల్లో పిల్లల భద్రత గురించి తెలుగు తల్లిదండ్రులకు

నేను ఇంగ్లండ్‌లో ఒక కతోలిక ప్రైమరీ స్కూలు ఆఫీసులో పనిచేస్తాను. అడ్మిషన్ ఫారాలు, ఆబ్సెంట్ ఫోన్లు, విజిటర్ బ్యాడ్జీలు, సాయంత్రం ఎవరి పిల్లల్ని ఎవరు తీసుకెళ్లాలన్న లిస్టు, అన్నీ నా కిటికీ మీదుగానే నడుస్తాయి. ఈమధ్య మన తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి. వాళ్లలో కతోలికులు కొందరే. చాలామంది "క్రమశిక్షణ ఉంటుంది, ఫాదర్లూ సిస్టర్లూ చూసుకుంటారు" అన్న నమ్మకంతో వచ్చేవాళ్లు. ఫారం చేతికివ్వగానే ముఖం మారిపోతుంది. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పిల్లలతో వాళ్లకి చుట్టరికం ఏమిటి, కోర్టు ఆర్డర్లేమైనా ఉన్నాయా, ఎవరు వస్తే పంపాలి, ఎవరు వస్తే పంపకూడదు. "ఇన్ని ప్రశ్నలెందుకండీ, మమ్మల్ని అనుమానిస్తున్నారా?" అని నిలదీసినవాళ్లూ ఉన్నారు.

అనుమానం కాదు. అలాగని ఎవరికీ మినహాయింపూ లేదు. మంచివాడని పేరున్నా సరే తనిఖీ తప్పదన్నదే ఇక్కడి పద్ధతికంతటికీ మూలం. ఈ పద్ధతి ఊరికే రాలేదు. 2002లో కేంబ్రిడ్జ్‌షైర్‌లోని సోహమ్‌లో ఇద్దరు పదేళ్ల ఆడపిల్లల్ని చంపినవాడు అక్కడి సెకండరీ స్కూలు కేర్‌టేకర్. అతని మీద అంతకుముందే వేరే చోట ఆరోపణలున్నాయి. ఉద్యోగం ఇచ్చేటప్పుడు అవేవీ బయటికి రాలేదు. ఆ తర్వాత బిచర్డ్ విచారణ జరిగింది, స్కూల్లో ఉద్యోగమిచ్చే పద్ధతి మొత్తం మారింది.

కతోలిక సభ (చర్చి) సంగతి ఇంకా బాధాకరం. ఇంగ్లండ్, వేల్స్‌లో 1970 నుంచి 2015 మధ్య పిల్లల మీద లైంగిక అత్యాచారాల గురించి సభకు 900కు పైగా ఫిర్యాదులు వచ్చాయని, వాటిలో 3,000కు పైగా ఘటనలున్నాయని ప్రభుత్వ విచారణ సంఘం 2020 నవంబర్‌లో బయటపెట్టింది. గౌరవం పేరుతో ప్రశ్నించకపోవడం ఎంత నష్టం చేసిందో ఆ నివేదిక చదివితే తెలుస్తుంది. 2021లో కాథలిక్ సేఫ్‌గార్డింగ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ అని ఒక ప్రత్యేక సంస్థ వచ్చింది, సేఫ్‌గార్డింగ్ అంటే హాని జరగకుండా కాపాడటం. మేత్రాసనాలు (ఒక్కో బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతాలు) ప్రమాణాలు పాటిస్తున్నాయో లేదో చూడటం దాని పని. నేను చర్చిలో పూజకు తప్పకుండా వెళ్లే మనిషిని, అయినా ఈ విషయం దాచి చెప్పడం నాకిష్టం లేదు. మీరు స్కూలుని నమ్మండి, కానీ ఏం చూసి నమ్ముతున్నారో మీకు తెలియాలి.

చేర్పించే ముందు చూడాల్సినవి

స్కూలు వెబ్‌సైట్‌లో సేఫ్‌గార్డింగ్ పేజీ వెతకండి. చైల్డ్ ప్రొటెక్షన్ పాలసీని కనీసం ఏడాదికోసారి సరిచూసుకోవాలి. దాని మీద పాత సంవత్సరం కనిపిస్తే ఆఫీసులో అడగండి. డెజిగ్నేటెడ్ సేఫ్‌గార్డింగ్ లీడ్ ఎవరో అందులోనే ఉంటుంది. అందరూ డీఎస్‌ఎల్ అంటారు. సీనియర్ టీచర్లలో ఒకరో, హెడ్‌టీచరో ఆ బాధ్యతలో ఉంటారు. వాళ్లు లేని రోజు చూసుకోవడానికి డిప్యూటీలుంటారు. ఆ పేర్లూ ఫొటోలూ గుర్తుపెట్టుకోండి, స్కూల్లో మీకు అన్నిటికన్నా అవసరమయ్యే పేర్లు అవే.

ఆ పాలసీకి ఆధారం 'కీపింగ్ చిల్డ్రన్ సేఫ్ ఇన్ ఎడ్యుకేషన్' అనే ప్రభుత్వ మార్గదర్శకం. ఏటా సెప్టెంబర్‌లో కొత్త ప్రతి వస్తుంది. టీచర్లే కాదు, వంటావిడ, క్లీనర్, నేను, అందరం మా పనికి తగ్గ భాగం చదవాల్సిందే. మా స్కూల్లో చదివామని సంతకం కూడా తీసుకుంటారు.

తనిఖీలు రెండు రకాలు, చాలామంది కలిపేసుకుంటారు. పిల్లల భద్రత సరిగా ఉందో లేదో చూసేది ప్రభుత్వ తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్. కాథలిక్ స్కూల్స్ ఇన్‌స్పెక్టరేట్ వేరు. అది మతబోధన, ప్రార్థన, స్కూలు కతోలిక జీవితం ఎలా ఉన్నాయో చూస్తుంది. రెండోదాంట్లో గొప్ప మార్కులొచ్చాయని మొదటిదాని రిపోర్ట్ చదవకుండా వదిలేయకండి.

స్కూలు చూడటానికి వెళ్లినప్పుడు గోడ మీది బొమ్మలకన్నా తలుపుల్ని గమనించండి. బెల్ కొట్టగానే తలుపు తెరుచుకుందా, ఎవరని అడిగి తెరిచారా? పేరు రాయించుకున్నారా? మెడలో ట్యాగు వేశారా? మా దగ్గర తనిఖీ పూర్తయినవాళ్లకు ఒక రంగు, వెంట మనిషి ఉండాల్సినవాళ్లకు ఇంకో రంగు. ట్యాగు లేని పెద్దవాళ్లు కారిడార్‌లో కనిపిస్తే ఇయర్ త్రీ (ఏడెనిమిదేళ్ల) పిల్లలు కూడా దగ్గర్లో ఉన్న టీచర్‌కి చెప్తారు, అలా నేర్పాం.

ఎదురుపడిన స్టాఫ్‌లో ఎవరినైనా, వీలైతే మధ్యాహ్నం డైనింగ్ హాల్లో నిలబడే ఆవిడని, ఒక ప్రశ్న అడగండి: "మా పాప మీతో 'ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి' అని ఏదైనా చెబితే ఏం చేస్తారు?" రావాల్సిన జవాబు ఒక్కటే. ఒట్టు వెయ్యను, విని డీఎస్‌ఎల్‌కి చెబుతాను అనాలి. "ముందు ఇంటికి ఫోన్ చేస్తాను" అన్నా, "చిన్నపిల్లలు ఏవేవో అంటారులెండి" అని నవ్వేసినా, ఆ స్కూల్లో ట్రైనింగ్ కాగితం మీదే ఉందని అర్థం.

స్టాఫ్, వాలంటీర్లు, ఫాదర్ గారు

ప్రతి స్కూల్లో సింగిల్ సెంట్రల్ రికార్డ్ అని ఒక రిజిస్టర్ ఉంటుంది. మనిషి గుర్తింపు, డీబీఎస్ సర్టిఫికెట్ (నేరచరిత్ర తనిఖీ కాగితం), పిల్లలతో పనిచేయకూడదని నిషేధించిన వాళ్ల జాబితాలో పేరుందా లేదా, టీచరైతే చదువు, ఈ దేశంలో పనిచేసే హక్కు, ఇవన్నీ తేదీలతో సహా అందులో ఉంటాయి. ఆఫ్‌స్టెడ్ వాళ్లు వచ్చీరాగానే అడిగేవాటిలో ఇదొకటి. అందుకని మేం దీన్ని కంటికి రెప్పలా చూసుకుంటాం.

మీరు టీచింగ్ అసిస్టెంట్‌గా చేరాలనుకుంటే, విదేశాల్లో ఉండి వచ్చినవాళ్ల విషయంలో అదనపు తనిఖీ ఉంటుంది, ఇండియా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగొచ్చు. ముందే తెప్పించుకుంటే నెలలు కలిసొస్తాయి. క్లాసులో పిల్లల చేత చదివించడానికి వారం వారం వచ్చే తల్లులకూ డీబీఎస్ చేయిస్తాం. ఒక్కసారి ట్రిప్పుకి తోడొచ్చేవాళ్లని మాత్రం పిల్లలతో ఒంటరిగా వదలం. "నేను ఈ స్కూలు పేరెంట్‌నే కదా" అంటే కుదరదు.

ఇక ఫాదర్ గారి సంగతి. మన దగ్గర విచారణ గురువులు (ఒక్కో గుడి పరిధిని, అంటే పారిష్‌ని, చూసుకునే ఫాదర్లు) స్కూల్లోకి వస్తుంటే వాచ్‌మన్ లేచి గేటు బార్లా తీస్తాడు. ఇక్కడ ఆయన కూడా నా కిటికీ దగ్గర ఆగి, పేరు రాసి, ట్యాగు వేసుకుని లోపలికి వెళ్తారు. మా ఫాదర్ గారికి అది అలవాటే. నేను ఫోన్‌లో ఉంటే నిలబడి ఎదురుచూస్తారు. తలుపేసిన గదిలో ఒక్క పిల్లతోనో పిల్లాడితోనో ఆయన ఉండరు, మేమూ ఉండం. ఇయర్ త్రీలో ప్రథమ పాపసంకీర్తనం, అంటే ఫాదర్ గారి దగ్గర మొదటిసారి తప్పులు ఒప్పుకోవడం, గుడిలో (చర్చిలో) జరుగుతుంది: ఫాదర్ గారూ బిడ్డా అందరికీ కనిపించేచోట కూర్చుంటారు, మాటలు వినపడనంత దూరంలో టీచర్లూ తల్లిదండ్రులూ బెంచీల్లో ఉంటారు. రహస్యం రహస్యంగానే ఉంటుంది, బిడ్డ మాత్రం కళ్లముందే ఉంటుంది. మీ విచారణలో (పారిష్‌లో) వేరే పద్ధతి కనిపిస్తే అడగండి. ఆదివారం ఉపదేశాన్నీ (మతబోధన క్లాసు), పీఠ బాలుర సేవనీ (పూజలో ఫాదర్ గారికి పిల్లలు చేసే సాయం) నడిపేది స్కూలు కాదు, విచారణ. దానికి సేఫ్‌గార్డింగ్ ప్రతినిధి వేరుగా ఉంటారు. గుడి వెనక నోటీసు బోర్డు మీద పేరూ ఫోన్ నంబరూ ఉండాలి.

ఫారం నింపేటప్పుడు

కనీసం ఇద్దరి ఎమర్జెన్సీ నంబర్లు ఇవ్వండి. ఇద్దరూ ఇండియాలో ఉంటే లాభం లేదు. భార్యాభర్తలు ఒకే ఆఫీసులో, ఒకే మీటింగులో ఉండే రోజులుంటాయి, అందుకే మూడో మనిషి కూడా కావాలి.

సాయంత్రం పికప్‌లోనే మనవాళ్లతో ఎక్కువ పేచీ. శుక్రవారం మూడుంపావుకి ఒకాయన గేటు దగ్గరికొచ్చి "వాళ్ల నాన్న ట్రైన్ మిస్సయ్యాడండీ, నన్ను తీసుకురమ్మన్నాడు" అంటాడు. ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్ చూపిస్తాడు. బాబుని "ఈయన తెలుసా?" అని అడిగితే "అంకుల్" అంటాడు. మన పిల్లలకు అందరూ అంకుళ్లే కాబట్టి దాంతో మాకేమీ తేలదు. అలాంటప్పుడు మేం పంపం. తండ్రికి మేమే, ఫారంలో ఉన్న నంబరుకే ఫోన్ చేసి, ఆయన నోట పాస్‌వర్డ్ విన్నాకే పంపుతాం. ఆ అంకుల్‌కి కోపమొస్తుంది, రానివ్వండి. మీరు చేయాల్సిందల్లా ఫారంలో పాస్‌వర్డ్ రాయడం, ఎవరొస్తున్నారో ముందే ఆఫీసుకి చెప్పడం. పాస్‌వర్డ్‌గా పాప ముద్దుపేరు పెట్టకండి, అది ఫేస్‌బుక్‌లో అందరికీ తెలుసు.

పేర్ల చిక్కు కూడా ముందే విప్పండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, స్కూల్లో వెనక, తల్లికి పుట్టింటి పేరు. రికార్డులో తల్లీబిడ్డల పేర్లు కలవకపోతే కొత్త టీచర్ తడబడుతుంది. ఎవరు ఎవరో ఒక వాక్యం రాసి ఇస్తే చాలు.

ఇంకోటి చాలామందికి తెలియదు. పదహారేళ్లలోపు పిల్లలు తల్లిదండ్రులు కాని, దగ్గరి బంధువు కాని మనిషి దగ్గర 28 రోజులు, అంతకుమించి ఉంటే దాన్ని ప్రైవేట్ ఫోస్టరింగ్ అంటారు. కౌన్సిల్‌కి తప్పనిసరిగా చెప్పాలి. తాత, అమ్మమ్మ, బాబాయి, మేనత్త, అన్న, అక్క, వీళ్లు దగ్గరి బంధువులే. మీ పెదనాన్న కొడుకు మీకు సొంత అన్న లాంటివాడైనా, చట్టం లెక్కలో మీ బిడ్డకు దగ్గరి బంధువు కాడు. వీసా పనుల మీద అమ్మానాన్నా ఇద్దరూ ఇండియా వెళ్లి, పాపని ఫ్రెండ్ ఇంట్లో నెలరోజులు వదిలితే ఇది వర్తిస్తుంది. చెబితే వాళ్లు వచ్చి చూసి వెళ్తారు, అంతే.

పిల్లలు రాని రోజు పొద్దున్నే చెప్పండి. చెప్పకపోతే నేనే ఫోన్ చేస్తాను. ఎవరూ ఎత్తకపోతే మిగతా నంబర్లకు, ఆ తర్వాత అవసరమైతే ఇంటికే మనిషి వస్తాడు. హాజరు పట్టీ కూడా భద్రతలో భాగమే. కనిపించని బిడ్డకి ఏమైందో ఎవరికీ తెలియదు. టర్మ్ మధ్యలో ఇండియా ప్రయాణం పెట్టుకునేవాళ్లకి ఓ మాట: పది స్కూలు వారాల్లో 10 సెషన్లు, అంటే ఐదు రోజులు, అనుమతి లేకుండా మానిపిస్తే జరిమానా ఆలోచనకి వస్తుంది. 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, ఆ తర్వాత 28వ రోజు దాకా 160. ఒక్కో తల్లికీ తండ్రికీ, ఒక్కో బిడ్డకీ విడివిడిగా. ఇద్దరు పిల్లలుంటే అమ్మానాన్నలిద్దరికీ కలిపి తక్కువలో తక్కువ 320. పెళ్లికి వెళ్తూ జ్వరమని చెప్పకండి. పిల్లలు సోమవారం క్లాసులో మెహందీ చేతులు చూపిస్తారు.

లంచ్ బాక్సులో పల్లీలు వద్దు. పులిహోరలో వేసిన వేరుసెనగ పప్పులు, పల్లీ పచ్చడి, చిక్కీ అన్నీ లెక్కే. పక్కన కూర్చునే బిడ్డకి అలర్జీ ఉండొచ్చు. నువ్వుల సంగతి కూడా అడిగి తెలుసుకోండి.

దెబ్బలు, మచ్చలు, భయాలు

ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లలో పిల్లల్ని కొట్టడం 1986 నాటి చట్టంతో పోయింది. బెత్తం పట్టుకున్న సిస్టర్‌ని చూసి పెరిగినవాళ్లం మనం, ఇక్కడ అలాంటిది ఊహించకండి, కోరకండి కూడా. "రెండు తగిలించండి మేడమ్, అప్పుడే వింటాడు" అని నవ్వుతూ అన్నా టీచర్ నవ్వదు, రాసుకుంటుంది.

ఇంట్లో కొట్టడం స్కాట్లాండ్‌లో 2020 నుంచీ, వేల్స్‌లో 2022 నుంచీ పూర్తిగా నిషేధం. ఇంగ్లండ్‌లో 'తగిన శిక్ష' అనే మినహాయింపు ఉంది గానీ, మచ్చ పడేలా కొడితే అది వర్తించదు. పీఈ క్లాసుకి బట్టలు మార్చుకునేటప్పుడు వీపు మీద మచ్చ కనిపిస్తే ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెబుతాను. టీచర్ "అమ్మ కొట్టిందా?" అని అడగదు. అలా అడగకూడదని నేర్పుతారు, ఎందుకంటే జవాబు ప్రశ్నలోనే ఉంటుంది. "ఇది ఎలా వచ్చిందో చెప్పు" అంటుంది. బిడ్డ ఏమన్నా, ఆ మాటలే రాస్తుంది, తన మాటల్లోకి మార్చదు. "అన్నయ్య రిమోట్ విసిరాడు" అంటే అదే. శరీరం బొమ్మ మీద మచ్చ ఎక్కడుందో గుర్తు పెడుతుంది. ఫొటో తీయదు. ఆ రోజే డీఎస్‌ఎల్ చూస్తారు. మా దగ్గర ఇదంతా సీపామ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఆఫీసులో ఉన్నా నాకది కనిపించదు, అవసరమైనవాళ్లకే తెరుచుకుంటుంది.

తర్వాత చాలాసార్లు జరిగేది మీకో ఫోన్ కాల్, అంతే. బిడ్డకి ప్రమాదం పెరుగుతుందనుకుంటే తప్ప ముందు తల్లిదండ్రులతోనే మాట్లాడతారు. సోషల్ సర్వీసెస్ అనగానే పిల్లల్ని లాక్కెళ్లిపోతారని మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కథలు నాకూ వస్తుంటాయి. 1989 చిల్డ్రన్ యాక్ట్‌లో రెండు దారులున్నాయి. కుటుంబానికి సాయం కావాలనుకుంటే సెక్షన్ 17, బిడ్డకి తీవ్రమైన హాని జరుగుతోందనో జరగబోతోందనో అనుమానించడానికి కారణముంటే సెక్షన్ 47 కింద దర్యాప్తు. అప్పటికప్పుడు ప్రమాదముంటే పోలీసులు జోక్యం చేసుకోవచ్చు గానీ, మామూలుగా మీరు ఒప్పుకోకుండా పిల్లల్ని ఇంటి నుంచి తీసుకెళ్లడానికి వాటి తర్వాత కూడా కోర్టు దాకా వెళ్లాలి. ఇంట్లో భార్యాభర్తల గొడవకి పోలీసులొస్తే, ఆపరేషన్ ఎన్‌కంపాస్ కింద మర్నాడు పిల్లలు స్కూలుకి రాకముందే డీఎస్‌ఎల్‌కి కబురందుతుంది. ఆ బిడ్డ హోంవర్క్ చేయలేదని ఆ రోజు ఎవరూ గద్దించకుండా ఉండటానికి.

స్కూల్లో పిల్లలకి నేర్పే భాష ఇంట్లోనూ నేర్పండి. పిల్లల రక్షణ కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఎన్‌ఎస్‌పీసీసీ వాళ్ల 'ప్యాంట్స్' పాఠం చిన్న క్లాసులకి బాగా ఎక్కుతుంది. లోదుస్తులు కప్పే భాగాలు నీవి మాత్రమే, వద్దంటే వద్దు, మనసుకి బాధ కలిగించే రహస్యాన్ని దాచొద్దు అన్నదే సారం. శరీర భాగాలకి అసలు పేర్లు నేర్పుతారు. మనవాళ్లకి అది ఇబ్బందే, "కతోలిక స్కూల్లో ఇవేంటండీ" అని అడిగినవాళ్లున్నారు. ముద్దుపేర్లు మాత్రమే తెలిసిన బిడ్డ చెప్పే ఫిర్యాదు టీచర్‌కి అర్థం కాదు. నా ఉద్దేశంలో అది ఒక్కటే చాలు ఆ ఇబ్బంది పక్కన పెట్టడానికి. రిలేషన్‌షిప్స్ ఎడ్యుకేషన్ 2020 నుంచి ప్రైమరీలో తప్పనిసరి, దాన్నుంచి పిల్లల్ని తప్పించే వీలు లేదు. ఇంటికొచ్చిన చుట్టానికి ముద్దివ్వనని పాప మొరాయిస్తే బలవంతపెట్టకండి. నమస్కారం చేస్తే చాలు.

ఆన్‌లైన్: స్కూలు వాటా, మీ వాటా

స్కూల్లో పిల్లలు వాడే ట్యాబ్లెట్లకూ కంప్యూటర్లకూ ఫిల్టరింగ్ ఉంటుంది, చెడు సైట్లు తెరుచుకోవు. దానితోపాటు మానిటరింగ్ ఉంటుంది, ఏం టైప్ చేశారో చూసి అనుమానం వస్తే డీఎస్‌ఎల్‌కి అలర్ట్ వెళ్తుంది. విద్యాశాఖ 2023లో వీటికి ప్రమాణాలు ఇచ్చింది. అవి పనిచేస్తున్నాయో లేదో స్కూలు పరీక్షించుకుంటూ ఉండాలి. "చివరిసారి ఎప్పుడు పరీక్షించారు?" అని మీరు అడగొచ్చు. జవాబు ఐటీ కంపెనీ వాళ్లకి తెలుసు అని రాకూడదు, బాధ్యత డీఎస్‌ఎల్‌ది.

ప్రమాదాల్ని నాలుగుగా చూస్తాం: చూసేది, కలిసేవాళ్లు, పిల్లలు తామే చేసేది, డబ్బు. తల్లిదండ్రుల భయమంతా మొదటిదాని మీదే ఉంటుంది. ప్రైమరీలో మా దాకా వచ్చే గొడవలు ఎక్కువగా మూడోదే. ఇయర్ సిక్స్ (పది పదకొండేళ్ల) పిల్లలు గ్రూపు పెట్టి ఒక అమ్మాయిని చేర్చకపోవడం, చేర్చి తీసేయడం, రాత్రి పదకొండింటికి ఏడుపు. నిజానికి యూకేలో వాట్సాప్ కనీస వయసు 13. 2024 ఏప్రిల్ దాకా 16 ఉండేది. ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్ కూడా 13. అంటే ప్రైమరీ పిల్లల్లో ఏ ఒక్కరూ వాటిలో ఉండకూడదు. "అందరికీ ఉంది మమ్మీ" అంటే, ఆ అందరి తల్లులతోనూ గేటు దగ్గర మాట్లాడండి. అందరికీ ఏమీ ఉండదు.

ఇంట్లో ముందు రౌటర్‌తో మొదలుపెట్టండి. బీటీ, స్కై, వర్జిన్ మీడియా, టాక్‌టాక్ అన్నీ పేరెంటల్ కంట్రోల్స్ ఉచితంగానే ఇస్తాయి. అకౌంట్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. తర్వాత ఐఫోన్, ఐప్యాడ్ అయితే స్క్రీన్ టైమ్, ఆండ్రాయిడ్ అయితే ఫ్యామిలీ లింక్. రోబ్లాక్స్ ఆడితే పిల్లవాడి అసలు పుట్టినతేదీతోనే అకౌంట్ తెరిచి, మీ పేరెంట్ అకౌంట్‌ని దానికి కలిపి చాట్ ఎవరితోనో మీరే నిర్ణయించండి. వయసు ఎక్కువ వేసి తెరిస్తే చిన్నపిల్లలకున్న రక్షణలు దానికి సరిగా పనిచేయవు. 2023 ఆన్‌లైన్ సేఫ్టీ యాక్ట్ కింద పిల్లల రక్షణ నియమాలు 2025 జూలై నుంచి అమల్లో ఉన్నాయి. అయినా తప్పుడు వయసుతో ఉన్న అకౌంట్‌ని కాపాడటం చట్టానికి కూడా కష్టం.

మన ఇళ్లలో కంట్రోల్స్ లేని ఫోన్ ఒకటి తప్పకుండా ఉంటుంది: ఆరునెలలకని వచ్చిన తాతయ్యది. ఆయన సీరియల్ చూస్తూ పక్కనపెట్టిన ఫోన్‌లో మనవడు యూట్యూబ్‌లో ఎక్కడెక్కడికో వెళ్తాడు. ఆ ఫోన్‌ని కూడా సెట్ చేయండి. అమ్మమ్మకి చూపించాలని స్నానం చేయిస్తూ వీడియో కాల్ పెట్టే అలవాటు మానేయండి. అవతల ఆ గదిలో ఎవరున్నారో, ఎవరు రికార్డ్ చేస్తున్నారో మీకు తెలియదు.

ఫొటోల సంగతి డిసెంబర్‌లో తెలుస్తుంది. క్రీస్తు జనన నాటకంలో మీ పాప దేవదూత, పక్కన గొర్రెల కాపరి వేషంలో ఇంకో బాబు. ఆ బాబు దత్తత బిడ్డ కావచ్చు, తండ్రి నుంచి తల్లి దాచుకుని పెంచుకుంటున్న బిడ్డ కావచ్చు. మీరు పెట్టిన ఒక్క స్టేటస్‌తో వాళ్లెక్కడున్నారో తెలిసిపోతుంది. అందుకే కొన్ని స్కూళ్లు ప్రదర్శన అయ్యాక మీ బిడ్డని మాత్రమే తీసుకోమంటాయి. మొదటిరోజు ఇంటి గుమ్మంలో తీసే యూనిఫాం ఫొటోలో కూడా స్వెటర్ మీద స్కూలు ముద్ర, వెనక ఇంటి నంబరు ఉంటాయి. చుట్టాల గ్రూపుకి పంపేముందు కత్తిరించండి.

పిల్లలు ఆన్‌లైన్‌లో ఏదో చూసి భయపడి మీ దగ్గరికొస్తే, మీ చెయ్యి ముందు ఫోన్ లాక్కోవడానికి వెళ్తుంది. ఆపుకోండి. లాక్కుంటే రెండోసారి చెప్పరు. "చెప్పడం మంచిపని చేశావ్" అనండి, ఏం జరిగిందో విడమరిచి చెప్పనివ్వండి. మెసేజ్‌లు డిలీట్ చేయకండి, ఆ మనిషి ప్రొఫైల్ పేరు రాసుకోండి, తర్వాతే బ్లాక్ చేయండి. అశ్లీలంగా ఉన్న పిల్లల ఫొటో ఏదైనా ఉంటే దాన్ని స్క్రీన్‌షాట్ తీయొద్దు, స్కూలుకి చూపిద్దామని కూడా ఫార్వర్డ్ చేయొద్దు, అది నేరమవుతుంది. ఫోన్ పక్కన పెట్టి నోటితో చెప్పండి. పెద్దవాళ్లెవరైనా బిడ్డని వలలో వేస్తున్నారనిపిస్తే ఇలాంటి నేరాల్ని చూసే పోలీసు విభాగం సీఈఓపీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయొచ్చు. బిడ్డ సొంత ఫొటో నెట్‌లోకి వెళ్తే దాన్ని తీయించడానికి పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్, ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్ కలిసి నడిపే రిపోర్ట్ రిమూవ్ అనే సేవ ఉంది. ఆపద అప్పటికప్పుడే అయితే 999. మర్నాడు పొద్దున డీఎస్‌ఎల్‌కి కూడా చెప్పండి, అదే మనిషి అదే క్లాసులో ఇంకొకరికి రాస్తుండొచ్చు.

మీకే అనుమానం వస్తే

టీచర్ మీదైనా, ఇంకే స్టాఫ్ మీదైనా అయితే హెడ్‌టీచర్‌కి. హెడ్‌టీచర్ మీదే అయితే గవర్నర్ల (స్కూలు పాలకవర్గం) ఛైర్‌కి, ఆఫీసులో అడిగితే ఎలా కలవాలో చెప్పాలి, ఎందుకని అడగకూడదు. పిల్లలతో పనిచేసేవాళ్ల మీద ఆరోపణల్ని చూడటానికి కౌన్సిల్‌లో ల్యాడో అనే అధికారి ఉంటారు. స్కూలు దాచిపెట్టడానికి వీల్లేదు, ఆయనకి చెప్పాల్సిందే. ఫాదర్ గారి మీదో ఉపదేశి (మతబోధన చెప్పే మనిషి) మీదో అయితే మేత్రాసనం సేఫ్‌గార్డింగ్ ఆఫీసు ఉంది, నేరుగా పోలీసులకైనా చెప్పొచ్చు. సభ పెద్దల అనుమతి అక్కర్లేదు. స్కూలుతో మాట్లాడటం ఇష్టం లేకపోతే పెద్దవాళ్లకి ఎన్‌ఎస్‌పీసీసీ 0808 800 5000, పిల్లలకి చైల్డ్‌లైన్ 0800 1111. పిల్లల చేత ఆ రెండో నంబరు కంఠతా పట్టించండి, ఫోన్ బిల్లులో కూడా కనిపించదు. క్లాసు తల్లుల గ్రూపులో మాత్రం ముందు పెట్టకండి. నిజమైతే సాక్ష్యం పాడవుతుంది, కాకపోతే ఒక మనిషి బతుకు పాడవుతుంది.

ఇంగ్లిష్‌లో చెప్పడం కష్టమైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. మీ పెద్దబ్బాయిని కూర్చోబెట్టి మీ మాటలు వాడి చేత చెప్పించకండి, మీ చుట్టాలావిణ్ణీ తీసుకురాకండి. తెలుగులో ఒక చీటీ రాసి కవర్‌లో పెట్టి డీఎస్‌ఎల్ పేరు మీద నా కిటికీ దగ్గర ఇచ్చినా చాలు, నేను తెరవను.